తొమ్మిది అంకెల తర్కము

వార్తాపత్రికలలో పదబంధ ప్రహేళిక ప్రక్కనే అంకెల చదరమొకటి తరచుగా కనిపించుచుండును. అడ్డముగా తొమ్మిది గళ్ళు, నిలువుగా తొమ్మిది గళ్ళు, మొత్తము 81. వానిలో కొన్నింట అంకెలు ముందే అచ్చు వేయబడి యుండును, తక్కినవి ఖాళీలు. ఈ పెద్ద చదరము దట్టమైన గీతలచే తొమ్మిది చిన్న చదరములుగా విభజింపబడి యుండును. ప్రతి అడ్డు వరుసలోను, ప్రతి నిలువు వరుసలోను, ప్రతి చిన్న చదరములోను 1 మొదలు 9 వరకు గల అంకెలు ఒక్కొక్కటి ఒక్కసారియే వచ్చునట్లు ఖాళీలను పూరింపవలెను. ఈ ప్రహేళిక పేరు సుడోకు.

నియమము ఇంతియే. దీనికి కూడికతో గాని, గుణకారముతో గాని పనిలేదు. అంకెలకు మారుగా తొమ్మిది అక్షరములను వాడినను, తొమ్మిది పువ్వుల బొమ్మలను వాడినను ఆట మారదు. కావున దీనికి కావలసినది లెక్కల నేర్పు కాదు, తర్కము. సులభమైన సుడోకును పది నిమిషములలో పూరించువారు కూడ మిక్కిలి కఠినమైన దానియెదుట ఆగిపోవుదురు. అప్పుడు పలువురు చేయు పని ఒక్కటే: ఏదో ఒక అంకెను ఊహించి వ్రాసి, అదృష్టమును పరీక్షించుట. ఇది చీకటిలో బాణము వేయుట వంటిది. ఊహ లేకయే ముందుకు సాగుటకు నిశ్చితమైన మార్గములు కలవు. అవి తెలిసికొనదగినవి.

ఈ ప్రహేళికకు మూలమైన భావము ప్రాచీనము. స్విట్జర్లాండు దేశమున జన్మించిన గణితశాస్త్రజ్ఞుడు లియొనార్డ్ ఆయిలర్ 18వ శతాబ్దమున ‘లాటిన్ చదరము’ల గుణములను పరిశీలించెను. ఏ చిహ్నమును అడ్డు వరుసలో గాని, నిలువు వరుసలో గాని రెండుమారులు రాకుండునట్లు పేర్చిన చదరమే లాటిన్ చదరము. దానికి చిన్న చదరముల నియమమును చేర్చి నేటి ప్రహేళికను రూపొందించినవాడు అమెరికా వాస్తుశిల్పి హోవార్డ్ గార్న్స్ అని చెప్పుదురు. అది 1979లో ఒక అమెరికా పత్రికలో ‘నంబర్ ప్లేస్’ అను పేర ప్రకటింపబడినది. 1984లో జపానులోని నికోలి సంస్థ దానిని తమ దేశమున ప్రవేశపెట్టెను. ‘అంకె బ్రహ్మచారిగానే యుండవలెను’ అను అర్థము గల జపాను వాక్యమును కుదించి ఆ సంస్థకు చెందిన మాకి కాజి ‘సుడోకు’ అని పేరు పెట్టెను. హాంకాంగులో న్యాయాధిపతిగా పనిచేసిన వేన్ గూల్డ్ దీనిని లండనులోని ‘ది టైమ్స్’ పత్రికకు అందించెను. 2004 నవంబరు 12వ తేదీన ఆ పత్రికలో మొదటి సుడోకు వెలువడినది. అటుపై కొలది కాలములోనే అది దేశదేశములకు వ్యాపించెను. గార్న్స్ మాత్రము 1989లోనే మరణించుటచే ఈ కీర్తిని చూడలేదు.

సరియైన సుడోకుకు సమాధానము ఒక్కటియే యుండవలెను. పూర్తిగా పూరింపబడిన చదరములు మొత్తము ఎన్ని యుండగలవో 2005లో బెర్ట్రమ్ ఫెల్గెన్‌హవర్, ఫ్రేజర్ జార్విస్ అనువారు లెక్కించిరి. ఆ సంఖ్య 6,67,09,03,75,20,21,07,29,36,960. ఇన్నింటిలో ఒక్కదానిని నిర్ణయించుటకు కనీసము ఎన్ని అంకెలు ఇయ్యవలెను? 17 అని 2012లో డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలకు చెందిన గారీ మెక్‌గ్వైర్, ఆయన సహచరులు కంప్యూటరు సహాయమున నిరూపించిరి. అయినను అంకెలు తక్కువ ఇచ్చినంత మాత్రమున ప్రహేళిక కఠినమగునని తలపరాదు. 2012లో ఫిన్లాండు గణితవేత్త ఆర్టో ఇంకాలా రచించిన సుడోకు మిక్కిలి కఠినమైనదని పేరొందినది. దానిలో 21 అంకెలు ఇయ్యబడినవి. ఇచ్చిన అంకెలు ఎన్ని యనుదానికంటె, వానినుండి ఎంత దూరము ఆలోచింపవలసి వచ్చునను దానిపైననే కాఠిన్యము ఆధారపడియుండును.

మార్గములను వివరించుటకు ముందు రెండు మాటలకు అర్థము నిర్ణయించుకొనవలెను. అడ్డు వరుస, నిలువు వరుస, చిన్న చదరము - వీనిలో దేనినైనను ‘కూటము’ అందము. ఒకే కూటమునకు చెందిన రెండు గళ్ళు ‘బంధువులు’. బంధువులైన గళ్ళలో ఒకే అంకె ఉండరాదు. అడ్డు వరుసలను పైనుండి క్రిందికిని, నిలువు వరుసలను ఎడమనుండి కుడికిని లెక్కింపవలెను. ఒక కాగితముపై 81 గళ్ళు గీచుకొని, చెప్పిన గళ్ళను గుర్తించుచు చదివినచో ఈ క్రింది విషయము చక్కగా బోధపడును.

సులభమైన సుడోకుకు రెండు ప్రశ్నలు చాలును. ‘ఈ గడిలో ఏ అంకె ఉండగలదు?’ అనునది మొదటిది. బంధువులలో 1, 2, 3, 4, 6, 7, 8, 9 కనబడినచో ఆ గడి 5 కే చెందును. ‘ఈ కూటములో ఈ అంకె ఎచ్చట ఉండగలదు?’ అనునది రెండవది. ఒక చిన్న చదరములో 7 ను ఉంచుటకు ఒక్క గడియే మిగిలినచో, ఆ గడిలో ఇంకెన్ని అంకెలకు అవకాశమున్నట్లు తోచినను, అది 7 దే.

ఈ రెండు ప్రశ్నలకును సమాధానము దొరకని స్థితి వచ్చినపుడు సాధకుడు పెన్సిలు పట్టవలెను. ప్రతి ఖాళీ గడిలోను, దానికి తగియున్న అంకెలన్నిటిని చిన్నవిగా వ్రాసికొనవలెను. ఇవి ఆ గడికి ‘అభ్యర్థులు’. ఎన్నికలో అభ్యర్థులు పలువురు నిలిచినను గెలుచునది ఒక్కడే అయినట్లు, ప్రతి గడిలోను తుదకు ఒక్క అంకెయే నిలుచును. ఇక్కడనుండి సాధకుని పని గెలుపొందువానిని వెదకుట కాదు. గెలువజాలని వానిని ఒక్కొక్కనిగా తొలగించుట. కఠిన సుడోకు మార్గములన్నియు ఈ తొలగింపునకు సాధనములే.

మొదటి సాధనము చూడుడు. పైన ఎడమ మూలనున్న చిన్న చదరములో 8 కి అవకాశమున్న గళ్ళన్నియు రెండవ అడ్డు వరుసలోనే యున్నవనుకొందము. వానిలో ఏది 8 అగునో తెలియదు. అయినను ఆ చదరమునకు కావలసిన 8 రెండవ అడ్డు వరుసలోనే వచ్చుట నిశ్చయము. కావున ఆ వరుసలో, ఆ చదరమునకు వెలుపలనున్న గళ్ళన్నింటినుండి 8 ని తొలగింపవచ్చును. ఏది యగునో తెలియకున్నను, ఏది కాదో తెలిసినది.

రెండవ సాధనము జంటలు. ఒక కూటములో రెండు గళ్ళకు 4, 7 అను రెండే అభ్యర్థులు కలవనుకొందము. ఒకటి 4 అయినచో రెండవది 7; ఒకటి 7 అయినచో రెండవది 4. ఎట్లయినను ఆ రెండంకెలును ఆ రెండు గళ్ళకే సరిపోవును. రెండు ఆసనములను ఇద్దరు ముందే పట్టుకొనియుండగా మూడవవానికి చోటెక్కడిది? అట్లే ఆ ఇద్దరికిని వేరొకచోట పనియు లేదు. ఆ కూటములోని తక్కిన గళ్ళనుండి 4, 7 తొలగిపోవును. మూడు గళ్ళకు కలిసి మూడే అభ్యర్థులున్నచో ఈ వాదమే మూడింటికిని వర్తించును.

మూడవ సాధనమునకు ‘ఎక్స్ వింగ్’ అని పేరు. ఇచ్చట ఒక్క అంకెనే చదరమంతట వెదకవలెను. మూడవ అడ్డు వరుసలో 5 కు రెండవ గడి, ఏడవ గడి - ఈ రెండే చోట్లు కలవు. ఎనిమిదవ అడ్డు వరుసలోను సరిగా అవే రెండు చోట్లు కలవు. మూడవ వరుసలో 5 రెండవ గడిలో వచ్చినచో, ఎనిమిదవ వరుసలో అది ఏడవ గడిలో రావలెను. అక్కడ ఏడవ గడిలో వచ్చినచో ఇక్కడ రెండవ గడిలో రావలెను. ఈ రెండు విధములలో ఏది నిజమైనను, రెండవ నిలువు వరుసకు ఒక 5, ఏడవ నిలువు వరుసకు ఒక 5 ఈ నాలుగు గళ్ళనుండియే లభించును. కావున ఆ రెండు నిలువు వరుసలలోని తక్కిన గళ్ళన్నింటినుండి 5 ను నిర్భయముగా కొట్టివేయవచ్చును. రెండు వరుసలకు మారుగా మూడు అడ్డు వరుసలు, మూడు నిలువు వరుసలు ఇట్లే ముడిపడినచో ఆ అమరికను ‘కత్తిచేప’ అను అర్థము గల ఆంగ్లనామముతో వ్యవహరింతురు. పేరు మారినను వాదము అదియే.

నాలుగవ సాధనమున మూడు గళ్ళు, మూడు అంకెలు పాల్గొనును. రెండవ అడ్డు వరుసలోని మూడవ గడికి 2, 6 అభ్యర్థులు. దీనిని ఇరుసు అందము. అదే వరుసలోని ఎనిమిదవ గడికి 2, 9 అభ్యర్థులు. ఇరుసునకు క్రిందుగా, మూడవ నిలువు వరుసలోనే, ఏడవ అడ్డు వరుసయందున్న గడికి 6, 9 అభ్యర్థులు. ఈ రెండును ఇరుసుకు రెండు రెక్కలు. ఇరుసులో 2 వచ్చినచో మొదటి రెక్క 9 అగును. 6 వచ్చినచో రెండవ రెక్క 9 అగును. ఇరుసులో ఏది వచ్చినను రెక్కలలో ఒకటి 9 అగుట తప్పదు. ఇప్పుడు ఏడవ అడ్డు వరుసలోని ఎనిమిదవ గడిని చూడవలెను. అది నిలువున మొదటి రెక్కకును, అడ్డమున రెండవ రెక్కకును బంధువు. కావున దానిలో 9 ఉండుట అసంభవము.

ఈ వాదమును పొడిగించినచో గొలుసు ఏర్పడును. నాలుగు గళ్ళు వరుసగా ఒకదానికొకటి బంధువులనుకొందము. మొదటిదాని అభ్యర్థులు 1, 5; రెండవదానివి 5, 7; మూడవదానివి 7, 4; నాలుగవదానివి 4, 1. మొదటి గడి 1 కానిచో 5 అగును. అప్పుడు రెండవది 7, మూడవది 4, నాలుగవది 1 అగును. అనగా మొదటి గడియో, నాలుగవ గడియో ఏదో ఒకటి 1 కాక తప్పదు. ఆ రెండింటికిని బంధువైన గడి ఏదియైనను 1 ని ఆశించి లాభములేదు. మిక్కిలి కఠినమైన సుడోకులలో ఈ గొలుసులు పది, పదునైదు లంకెల వరకు సాగును. ఒక్కొక్క లంకెను చూచినచో అది బాలుడు కూడ గ్రహింపదగినంత సులభము. వానినన్నిటిని తెగకుండ మనస్సులో నిలుపుటయే కష్టము.

ఇక్కడ ఒక సందేహము కలుగవచ్చును. ‘మొదటి గడి 1 కానిచో’ అని తలచుట కూడ ఊహయే కదా? ఊహించి వ్రాయువానికిని, గొలుసు అల్లువానికిని భేదమేమి? భేదము గొప్పది. ఊహించువాడు ఒక దారిని ఎన్నుకొని, రెండవదానిని మరచును. ఆ దారి తుదవరకు సాగినచో తాను గెలిచితినని సంతోషించును. కాని రెండవ దారి ఎందుకు తప్పో వానికి తెలియదు. గొలుసు అల్లువాడు రెండు దారులను పరిశీలించును. రెండును ఒకే ఫలితమునకు చేర్చినచో ఆ ఫలితమును స్వీకరించును. ఒక దారిలో నడువగా ఒకే వరుసలో రెండు 3 లు రావలసివచ్చినచో ఆ దారి అసత్యమని నిరూపణమైనట్లే. ఒక భావమును తాత్కాలికముగా అంగీకరించి, దానినుండి అసంభవము పుట్టుటను చూపి, దానిని త్రోసిపుచ్చుట గణితశాస్త్రమున ప్రాచీన కాలమునుండి మన్నన పొందిన పద్ధతి.

భారతదేశపు తర్కమునకును ఇది క్రొత్త కాదు. గౌతముని న్యాయసూత్రములు అనుమానమును మూడు విధములుగా పేర్కొన్నవి. వానిలో ‘శేషవత్తు’ అనుదానిని వివరించుచు భాష్యకారుడైన వాత్స్యాయనుడు ‘పరిశేషము’ అను పద్ధతిని తెలిపెను. ఒక వస్తువు ఇది కాని, అది కాని, మరియొకటి కాని కావలెనని ముందుగా నిర్ణయించి, తగనివానిని కారణముతో నిరాకరించినపుడు మిగిలినదే సత్యమగును. ఆయన దీనికి శబ్దమును ఉదాహరణముగా తీసికొని, అది ద్రవ్యము కాదు, కర్మ కాదు, కావున గుణమని సాధించెను. పెన్సిలుతో అభ్యర్థులను కొట్టివేయుచున్న విద్యార్థి ఎరుగకయే ఈ పరిశేషమును ఆచరించుచున్నాడు. ‘కారణముతో’ అను మాటయే ఇందు ముఖ్యము. కారణము లేక కొట్టివేసిన అంకె ఒక్కటియున్నచో మిగిలిన దానిపై విశ్వాసముంచుటకు వీలులేదు.

సాధకులలోనే వివాదమునకు కారణమైన యుక్తి మరియొకటి కలదు. నాలుగవ, ఐదవ అడ్డు వరుసలు, రెండవ, ఏడవ నిలువు వరుసలు కలియుచోట నాలుగు గళ్ళు కలవు. ఇవి రెండు చిన్న చదరములలో మాత్రమే యున్నవి. వీనిలో మూడింటికి 3, 8 మాత్రమే అభ్యర్థులు; నాలుగవదానికి 3, 8, 5 అభ్యర్థులు. నాలుగవ గడిలో 5 రానిచో నాలుగింటను 3, 8 లే మిగులును. అప్పుడు 3 ఉన్నచోట 8 ని, 8 ఉన్నచోట 3 ను మార్చివేసినను ఏ నియమమునకును భంగము కలుగదు; ప్రహేళికకు రెండు సమాధానము లేర్పడును. సరియైన సుడోకుకు సమాధానము ఒక్కటే కనుక నాలుగవ గడి 5 అని ఈ యుక్తి నిర్ణయించును.

ఈ వాదమున దోషము లేదు. అయినను ఇది తక్కినవానివంటిది కాదు. తక్కిన సాధనములు చదరములో కనబడు అంకెలనే ఆధారము చేసికొనును. ఇది ప్రహేళికను కూర్చినవాని మాటను కూడ ఆధారము చేసికొనును. అచ్చులో ఒక అంకె తప్పిపోయి నిజముగా రెండు సమాధానములున్నచో, ఇది ఆ లోపమును కనుగొనలేదు. పైగా దానిని కప్పిపుచ్చును. అందుచే కొందరు సాధకులు దీనిని అంగీకరింపరు. సమాధానము ఒక్కటియే యని తామే నిరూపింపవలెనని వారి పట్టుదల. మరికొందరు, ఏకైక సమాధానము ఆటలోని నియమమే కనుక దానిని వాడుకొనుట న్యాయమందురు. ఏ పక్షము వహించినను, తన నిర్ణయము దేనిపై నిలిచియున్నదో సాధకుడు ఎరిగియుండవలెను.

ఊహకును, నిరూపణమునకును గల దూరమును లాటిన్ చదరముల చరిత్రయే చాటుచున్నది. ఆరు సైనికదళములనుండి, ఆరు హోదాలకు చెందిన 36 మంది అధికారులను ఆరు వరుసలుగా నిలుపవలెను. ప్రతి అడ్డు వరుసలోను, ప్రతి నిలువు వరుసలోను అన్ని దళములవారును, అన్ని హోదాలవారును ఒక్కొక్కరు చొప్పున ఉండవలెను. ఇది సాధ్యమా? 1782లో ప్రచురితమైన వ్యాసమున ఆయిలర్ ఇది సాధ్యము కాదని అభిప్రాయపడెను. అంతతో ఆగక, ఆరు వరుసలకే గాక 10, 14, 18 మున్నగు వరుసలకును ఇట్టి అమరిక సాధ్యము కాదని తలచెను. ఆరు వరుసల విషయమున ఆయన తలచినది నిజమని 1900 ప్రాంతమున ఫ్రెంచివాడగు గాస్తోన్ తారి అవకాశములన్నిటిని ఓపికతో పరిశీలించి నిరూపించెను. తక్కినవాని విషయమున పలువురు ఆ మహామేధావి మాటనే నమ్మిరి. కాని 1959లో భారతీయులైన ఆర్. సి. బోస్, ఎస్. ఎస్. శ్రీఖండే, అమెరికనుడైన ఇ. టి. పార్కర్ అది సరికాదని తేల్చిరి. 10, 14, 18 మొదలైన వరుసలన్నింటికిని అట్టి అమరికలు కలవని వారు నిరూపించిరి. ఆయిలర్ వంటివాని ఊహ కూడ నిరూపణము లభించువరకు ఊహయే.

కఠినమైన సుడోకుయెదుట కూర్చున్న విద్యార్థికి ఇది జ్ఞప్తియందుండిన మేలు. సాధ్యమైన అంకె ఏదియు తోచనపుడు తొందరపడి వ్రాయుటకంటె, అభ్యర్థులను మరల సరిచూచుకొని, తొలగింపదగినది ఒక్కటియైనను కలదా యని వెదకుట మంచిది. ఊహించి వ్రాసిన అంకెవలన కలుగు కీడు వెంటనే బయటపడదు. అది ముప్పది గళ్ళు నిండిన పిదప ఏదో యొక మూలన రెండు 6 లుగా పైకి వచ్చును. అప్పటికి తప్పు ఎచ్చట మొదలైనదో చెప్పుట ఎవరి తరమును కాదు, చదరమునంతను చెరిపివేయవలసినదే. కారణముతో వ్రాసిన అంకెకు ఆ భయము లేదు. ఎవరైనను ‘ఇది ఇక్కడనే ఏల?’ అని అడిగినచో దాని ప్రక్కనున్న గళ్ళే సమాధానము చెప్పును. అట్లు చెప్పగలిగినపుడే ఆ గడి నిజముగా నిండినట్లు.